చెవి చూసి చేప పేరు చెప్పటం

కృష్ణా కాలవల పక్కన పెరిగిన పిల్లవాడికి బుట్టలో వున్న చేపను చూపించి, "ఇదేం చేపరా?" అని అడిగితే వాడు రెండోసారి చూడకుండానే కొరమేను అనో, బొచ్చె అనో చెప్పేస్తాడు. ఇందులో వాడి గొప్ప ఏమీ లేదు. కొరమేనుకు పాముతల వంటి తలా, పొడుగాటి ఒళ్ళూ వుంటాయి. బొచ్చె తల ఎంత పెద్దదంటే, సగం చేప తలేనేమో అనిపిస్తుంది. ఈ రెంటినీ గుర్తు పట్టటం ఏనుగునూ, గుర్రాన్నీ గుర్తు పట్టటం లాటిదే.

అమెరికాలో గాలాలు వేసే పిల్లల పని ఇంత తేలిక కాదు. అక్కడి చెరువుల్లోనూ, ఏళ్ళలోనూ పిల్లల గాలాలకు తరచు తగిలేది అరచేతి పాటి చేప ఒకటి. అది రెండు పక్కలా నొక్కినట్టు పలచగా, రొట్టెలాగా గుండ్రంగా వుంటుంది. ఎండలో పైకి లాగితే దాని ఒంటి మీద నీలం, పచ్చ, పసుపు, నారింజ రంగులు తళతళ మెరుస్తాయి. దాన్ని సన్‌ఫిష్ అంటారు. అంటే సూర్యుడి చేప. చిన్న గాలమూ, దారానికి ఒక బెండూ, ఎరకు ఒక వానపామూ వుంటే చాలు, అయిదేళ్ళ పిల్ల కూడా దీన్ని పట్టగలదు. ఇప్పుడు ఆ దేశంలో మన తెలుగు కుటుంబాలు చాలా వున్నవి గనక, ఈ పుటలు చదివే పిల్లల్లో కొందరి గాలాలకైనా ఈ చేప తగిలే వుంటుంది.

అయితే పట్టిన చేప ఏ సన్‌ఫిష్? ఇక్కడే చిక్కు వస్తుంది. ఎందుకంటే సన్‌ఫిష్ అనేది ఒక చేప కాదు. లెపోమిస్ అనే ఒకే ఇంటిపేరు గల 13 జాతులు. శాస్త్రజ్ఞులు కూడా మన తెలుగువాళ్ళలాగే ఇంటిపేరు ముందూ, అసలు పేరు వెనకా రాస్తారు. ఈ 13 జాతులకూ పుట్టిల్లు ఉత్తర అమెరికాయే. అందులోనూ రాకీ పర్వతాలకు తూర్పున వున్న భాగమే. తరవాత మనుషులే వాటిని ఎక్కడెక్కడికో తీసుకుపోయారు. (సముద్రంలో తిరిగే మరొక సన్‌ఫిష్ వున్నది. అది 2,000 కిలోలకు పైగా కూడా పెరుగుతుంది. దానికీ వీటికీ పేరులో తప్ప మరి దేనిలోనూ చుట్టరికం లేదు.)

ఈ 13 మంది అన్నదమ్ములకూ ఊరికొక ముద్దుపేరు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో అన్నిటినీ కలిపి "బ్రిమ్" అంటారు. ఉత్తరాన కొన్నిచోట్ల "సన్నీ" అంటారు. పెనంలో నిండుగా పట్టే చేప గనక "పాన్‌ఫిష్" అని కూడా అంటారు. తినేవాడికి ఇన్ని పేర్లు అక్కర్లేదు, నిజమే. వేయించిన తరవాత అన్నీ ఒకటే రుచి అని అక్కడివాళ్ళే అంటారు. అయినా ఏ జాతిదో తెలుసుకోవలసిన అవసరం మటుకు వచ్చి పడుతుంది.

న్యూయార్కు రాష్ట్రం సంగతే చూడండి. ఆ రాష్ట్రంలో పంప్‌కిన్‌సీడ్ అనే సన్‌ఫిష్ కొల్లలుగా దొరుకుతుంది. పంప్‌కిన్‌సీడ్ అంటే గుమ్మడిగింజ. దాన్ని ఎవరైనా పట్టుకుని వండుకోవచ్చు. అదే రాష్ట్రపు పడమటి భాగంలో, బహు కొద్ది చోట్ల, నార్తరన్ సన్‌ఫిష్ అనే చిన్న చేప బతుకుతున్నది. అది ఆరు అంగుళాలు పెరగటమే గొప్ప. అది అక్కడ అంతరించిపోతుందేమోనని భయపడి, రాష్ట్రప్రభుత్వం దాన్ని రక్షించవలసిన చేపల పట్టీలో చేర్చింది. దాన్ని పట్టి వుంచుకోరాదు. మరి ఈ చేపా, గుమ్మడిగింజ చేప పిల్లా చూపుకు దాదాపు ఒకటే! రెంటికీ బుగ్గల మీద నీలిగీతలుంటాయి, రెంటికీ చెవి దగ్గర ఎర్రచుక్క వుంటుంది. గుర్తు పట్టటం చాతకానివాడు మిగిలిన ఆ కొద్ది చేపల్లో ఒకదాన్ని బుట్టలో వేసుకుని, ఈల వేసుకుంటూ ఇంటికి పోతాడు. తాను ఏం చేశాడో వాడికి ఎన్నటికీ తెలియదు.

మరి గుర్తు పట్టటం ఎలాగు?

మొట్టమొదట చెయ్యవలసిన పని, రంగును నమ్మకపోవటం. పిల్లలు రంగే ముందు చూస్తారు. పెద్దవాళ్ళూ అంతే. కాని సన్‌ఫిష్‌ల రంగు గంటకొకలాగా వుంటుంది. తేట నీటిలో పెరిగిన చేప రంగులు నిగనిగలాడుతూ వుంటాయి. బురద నీటిలో పెరిగిన దాని తమ్ముడు వెలిసిపోయిన గుడ్డలాగా వుంటాడు. గుడ్లు పెట్టే రుతువు వచ్చిందంటే మగచేపలు పెళ్ళికొడుకుల్లాగా ముస్తాబవుతాయి. బ్లూగిల్ అనే సన్‌ఫిష్ మగదానికి రొమ్మంతా రాగిరంగు తిరుగుతుంది. ఆ రుతువు వెళ్ళగానే ఆ రంగూ వెళుతుంది. చచ్చిన చేప సంగతి చెప్పనే అక్కర్లేదు. బుట్టలో పడిన కొద్దిసేపటికే రంగులు మాసిపోతాయి.

రంగు మారుతుంది గాని నోరు మారదు. అందుచేత ముందు నోరు చూడాలి. చేప నోరు మూసి వుండగా పై దవడ వెనక కొస ఎంతదాకా వచ్చిందో చూడండి. బ్లూగిల్, గుమ్మడిగింజ చేప, రెడ్‌ఇయర్—ఈ మూడింటి నోళ్ళు చాలా చిన్నవి. దవడ కన్ను కింది దాకా రానే రాదు. వచ్చినా కన్ను ముందు అంచు దగ్గర ఆగిపోతుంది. పప్పుగింజ ఏరుకు తినే నోరు. గ్రీన్ సన్‌ఫిష్, వార్మౌత్ అనేవాటి నోళ్ళు అలా కాదు. దవడ కన్ను కింది దాకా సాగి వుంటుంది. అవి సాటి చేపల పిల్లల్ని కూడా మింగే నోళ్ళు. వార్మౌత్‌కు శాస్త్రజ్ఞులు పెట్టిన అసలు పేరు "గులోసస్". లాటిన్ భాషలో దానికి తిండిపోతు అని అర్థం.

రెండోది, పక్కరెక్క. మొప్పల వెనకగా, మన చేతులు వుండే చోట, ఒక్కొక్క పక్కా ఒక్కొక్క రెక్క వుంటుంది. దాన్ని మెల్లిగా ముందుకు మడిచి, కంటి వేపు పెట్టి చూడాలి. ఆ చిన్ననోటి చేపలు మూడింటికీ ఈ రెక్క పొడుగ్గా, కొస తేలి వుంటుంది. మడిస్తే కంటి దాకా వస్తుంది, ఒక్కొక్కప్పుడు కన్ను దాటుతుంది కూడా. బ్లూగిల్ అసలు పేరు "మాక్రోకైరస్". అంటే పెద్ద చెయ్యి గలది. గ్రీన్ సన్‌ఫిష్‌కూ, వార్మౌత్‌కూ, లాంగ్‌ఇయర్ అనే మరొక దానికీ ఈ రెక్క పొట్టిగా, కొస గుండ్రంగా వుంటుంది. మడిచినా కంటిని అందుకోదు. ఇందాక చెప్పిన న్యూయార్కు చేప చిక్కు కూడా ఇక్కడే విడిపోతుంది. గుమ్మడిగింజ చేప రెక్క పొడుగు. నార్తరన్ సన్‌ఫిష్ రెక్క పొట్టి. ఈ రెండు చేపల్నీ పక్కపక్కన పెట్టి రంగులు పోల్చుకుంటూ కూచునే వాడికన్న, రెక్క మడిచి చూసినవాడు ముందు లేస్తాడు.

ఇక మూడోది చెవి. నిజానికి అది చెవి కాదు. చేపల చెవులు తల లోపలే వుంటాయి, పైకి కనిపించవు. సన్‌ఫిష్ మొప్పల మీది మూత వెనక కొసన ఒక చిన్న రేకు లాగా సాగి వుంటుంది. దాని మీద నల్లటి మచ్చ వుంటుంది. చూస్తే చెవి లాగా వుంటుంది గనక అందరూ చెవి అనేస్తారు. లిన్నేయస్ అనే స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు 1758 లోనే ఒక సన్‌ఫిష్‌కు "ఆరిటస్" అని పేరు పెట్టాడు. అంటే చెవులు గలది. తరవాత మరొకదానికి "మెగలోటిస్" అని పేరు వచ్చింది. అంటే పెద్ద చెవి గలది. చెవి కానిదాన్ని చెవి అనటంలో పామరులూ, పండితులూ ఒకటే అయినారన్నమాట!

ఈ చెవి అంచు చూడటంలోనే అసలు కిటుకు వున్నది. బ్లూగిల్ చెవి పొట్టిగా, వెడల్పుగా వుండి, అంచుదాకా నలుపే. తెల్ల అంచు గాని, ఎర్ర చుక్క గాని ఏమీ వుండదు. గుమ్మడిగింజ చేప చెవికి సన్నని తెల్లటి అంచు వుండి, కొసన నెలవంక లాటి ఎర్రని మచ్చ వుంటుంది. రెడ్‌ఇయర్ అంటే ఎర్రచెవి. దాని చెవి అంచున కూడా ఎరుపో, నారింజ రంగో వుంటుంది. ఈ రెంటినీ కలగాపులగం చేసేవాళ్ళు చాలామంది. అలాటప్పుడు చెవి వదిలిపెట్టి బుగ్గలు చూడాలి. గుమ్మడిగింజ చేప బుగ్గల మీద వంకరటింకర నీలిగీతలు ముగ్గు వేసినట్టుంటాయి. ఎర్రచెవి బుగ్గలు నున్నగా, ముగ్గు లేని వాకిలి లాగా వుంటాయి.

గ్రీన్ సన్‌ఫిష్ చెవి పొట్టిది. నలుపు చుట్టూ పాలిపోయిన పసుపు అంచు వుంటుంది. లాంగ్‌ఇయర్ చెవి పొడుగుగా, వెడల్పుగా, తెల్లని అంచుతో వుంటుంది. లిన్నేయస్ పేరు పెట్టినదాన్ని ఇప్పుడు రెడ్‌బ్రెస్ట్ అంటున్నారు. దాని చెవి పొడుగే, కాని సన్నం, కొసదాకా నలుపే.

ఒక గుర్తును మటుకు నమ్మి మోసపోకూడదు. బ్లూగిల్ వీపు రెక్క వెనక భాగంలో, మొదట్లో, సిరాచుక్క పడ్డట్టు నల్లమచ్చ వుంటుంది. చాలామంది ఈ ఒక్క గుర్తే నేర్చుకుని, మచ్చ కనపడిందంటే "బ్లూగిల్!" అని కేక పెడతారు. కాని గ్రీన్ సన్‌ఫిష్‌కు కూడా అదే చోట నల్లమచ్చ వుంటుంది. పైగా బ్లూగిల్ పిల్లల్లో ఆ మచ్చ సరిగా కనపడకపోవచ్చు కూడా. ఒక్క సాక్షి మాట విని తీర్పు చెప్పే న్యాయాధికారిని మనం మెచ్చుకోం గదా? చేప విషయంలోనూ నోరూ, రెక్కా, చెవీ మూడూ ఒకే మాట చెప్పాలి.

ఈ చేపల్ని చూడటం ఒక్కటే కాదు, మాటలు విని నమ్మటం వల్ల వచ్చే చిక్కు గురించి కూడా చెప్పాలి. బ్లూగిల్‌కూ, గ్రీన్ సన్‌ఫిష్‌కూ శాస్త్రీయమైన పేర్లు పెట్టినవాడు రఫినెస్క్ అనే ఆయన. లెపోమిస్ అనే ఇంటిపేరు కూడా ఆయన పెట్టిందే. ఈ పేర్లన్నీ 1819 నాటివి. ఆయన 1783 లో టర్కీ దేశంలో పుట్టి, అమెరికా చేరి, కొత్త మొక్క గాని, కొత్త జంతువు గాని కనపడితే తిండి కూడా మరిచిపోయే మనిషి. 1818 లో ఆయన ఒహాయో నది వెంట చేపల్ని పరిశీలిస్తూ, కెంటకీ రాష్ట్రంలో హెండర్సన్ అనే ఊళ్ళో వుంటున్న ఆడుబన్ ఇంటికి వచ్చాడు. పక్షుల బొమ్మలు వెయ్యటంలో తరవాత లోకప్రసిద్ధుడైన ఆడుబన్ ఈయనే. రఫినెస్క్ తెచ్చిన ఉత్తరంలో, ఒక వింత చేపను పంపుతున్నానని ఎవరో స్నేహితుడు రాశాడట. చేప ఏదని ఆడుబన్ అడిగితే, ఆ వింత చేపను నేనే కాబోలు అన్నాడట రఫినెస్క్.

ఆ రాత్రి రఫినెస్క్ పడుకున్న గదిలోకి గబ్బిలాలు వచ్చాయి. అవి కొత్త జాతివని ఆయనకు తోచింది. చేతికి ఏదీ దొరక్క, గోడన వున్న ఆడుబన్ ఫిడేలు తీసుకుని, ఒంటి మీద బట్ట కూడా లేకుండా గదంతా గంతులు వేస్తూ గబ్బిలాల్ని కొట్టసాగాడు. గబ్బిలాల మాట ఎలా వున్నా, ఫిడేలు ముక్కలయింది. ఇదంతా ఆడుబనే రాసుకున్నాడు గనక కొంత కల్పన వుండవచ్చు. కాని ఆ తరవాత జరిగినది మటుకు నిజం. ఆడుబన్ ఆయనకు లేనిపోని చేపల్ని వర్ణించి చెప్పాడు, బొమ్మలు కూడా గీసి ఇచ్చాడు. అందులో ఒకదాని పొలుసులు తుపాకిగుండుకు కూడా పగలవట! రఫినెస్క్ నమ్మి, 1820 లో తాను అచ్చువేసిన ఒహాయో చేపల పుస్తకంలో ఆ చేపల్ని కూడా చేర్చాడు. అలా పది దాకా లేని చేపలు శాస్త్రంలో ప్రవేశించాయి. తరవాతి శాస్త్రజ్ఞులు వాటి కోసం వెతికి వెతికి అలిసిపోయారు.

నా దృష్టిలో ఆడుబన్ చేసిన పని ఏమంత మంచిది కాదు. ఫిడేలు పోతే ఫిడేలు ఖరీదు అడగవచ్చు. పోతే, రఫినెస్క్ తన కళ్ళతో చూసి, చేత్తో పట్టుకుని వర్ణించిన బ్లూగిల్, గ్రీన్ సన్‌ఫిష్ రెండు వందల ఏళ్ళు దాటినా ఆయన పెట్టిన పేర్లతోనే చలామణీ అవుతున్నవి.

ఇంత చెప్పినా, కొన్ని చేపలు మనల్ని ఓడిస్తాయి. ఈ అన్నదమ్ములు ఒకే చెరువులో, పక్కపక్కనే గూళ్ళు కట్టుకుంటాయి. గూడంటే పుల్లలూ, ఆకులూ కాదు. మగచేప లోతు లేని చోట తోకతో ఇసక చిమ్మి, పళ్ళెం లాటి గుంట చేస్తుంది. ఆడది వచ్చి అందులో గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. గుడ్లకు కాపలా కాసేది, రెక్కలతో గాలి విసిరినట్టు నీళ్ళు విసిరేది మగచేపే. నీరు బురదగా వున్నప్పుడూ, చోటు ఇరుకైనప్పుడూ ఒక జాతి చేప మరొక జాతి గూటికి పోవటం జరుగుతుంది. అప్పుడు పుట్టిన పిల్లలకు అమ్మ నోరూ, నాన్న చెవీ రావచ్చు, లేదా అన్నీ మధ్యరకంగా వుండవచ్చు. బ్లూగిల్‌కూ, గ్రీన్ సన్‌ఫిష్‌కూ పుట్టిన చేపల్ని అమెరికాలో పనిగట్టుకుని పెంచి చెరువుల్లో వదులుతారు కూడా. అలాటి చేప దొరికినప్పుడు దాన్ని బలవంతాన ఏదో ఒక జాతిలోకి తొయ్యకుండా, ఇది రెండు ఇళ్ళ బిడ్డ అని చెప్పటమే సరి అయిన జవాబు.

మనమే కాదు, చేపలే చేపల్ని గుర్తు పట్టలేక మోసపోతాయి. కెనడాలో ఒపినికాన్ అనే సరస్సులో శాస్త్రజ్ఞులు బ్లూగిల్‌లను చాలా ఏళ్ళు పరిశీలించారు. బ్లూగిల్ మగచేపల్లో కొన్ని అసలు గూడే కట్టవు. అవి చిన్నవిగా వుండి, రంగులోనూ, నడకలోనూ అచ్చం ఆడచేపల్లాగా వుంటాయి. గూడు కాచే పెద్ద మగచేప, ఎవరో ఆడచేప వచ్చిందనుకుని వాటిని లోపలికి రానిస్తుంది. ఆ దొంగచేప తన సంతానాన్ని కూడా ఆ గూట్లోనే కలిపి పోతుంది. పెంచే శ్రమ అంతా పెద్ద చేపది! కాకి గూట్లో గుడ్డు పెట్టే కోకిల మనకు తెలుసు. కాని కోకిల కాకి వేషం వెయ్యదు.

ఈ చేపల కథలో అన్నిటికన్న పెద్ద ఘట్టం జపానులో జరిగింది. 1960 లో జపాను యువరాజు అకిహితో అమెరికా వెళ్ళినప్పుడు చికాగో నగరపు మేయరు ఆయనకు కొన్ని బ్లూగిల్‌లను కానుకగా ఇచ్చాడు. అకిహితో మామూలు యువరాజు కాడు. చేపల శాస్త్రం చదువుకున్నవాడు. గోబీలు అనే చిన్న చేపలలో జాతుల్ని ఎలా గుర్తించాలో పరిశోధన చేసి వ్యాసాలు రాసినవాడు. ప్రజలకు మంచి ఆహారం అవుతుందనే వుద్దేశంతో ఆయన ఆ బ్లూగిల్‌లను పెంచటానికి తన దేశపు చేపల పరిశోధనశాలకు ఇచ్చాడు. కాలక్రమాన అవి బయటపడ్డాయి. జపానులో అన్నిటికన్న పెద్దది బివా సరస్సు. అక్కడ తప్ప మరెక్కడా పుట్టని చేపలు అందులో వున్నవి. వాటిలో ఒకదాన్ని అక్కడివాళ్ళు ఉప్పూ, అన్నమూ కలిపి నెలల తరబడి ఊరబెట్టుకుని తింటారు. బ్లూగిల్ వచ్చి ఈ చేపల గుడ్లూ, పిల్లలూ తినసాగింది. అమెరికా నుంచే వచ్చిన బాస్ అనే పెద్దనోటి చేప దీనికి తోడయింది. పాత చేపలు తగ్గిపోయాయి, జాలర్ల వలలు కొత్త చేపలతో నిండాయి.

తరవాత శాస్త్రజ్ఞులు జపానులోని బ్లూగిల్‌ల వంశలక్షణాలు పరీక్షించి చూస్తే, అవన్నీ ఆ కానుక చేపల సంతానమే అని తేలింది. ఆ కానుక చేపలు అయోవా రాష్ట్రంలో గటెన్‌బర్గ్ అనే ఊరి దగ్గర మిసిసిపీ నదిలో పట్టినవి. 2007 లో, అప్పటికి చక్రవర్తి అయిన అకిహితో, బివా సరస్సు వున్న షిగా ప్రాంతంలో జరిగిన ఒక సభలో ఈ బ్లూగిల్‌లను తెచ్చినది తానేననీ, ఇప్పుడు జరుగుతున్నది చూస్తే మనసుకు బాధగా వున్నదనీ అందరి ముందూ చెప్పాడు. ఒక చక్రవర్తి ఒక చేప విషయమై అలా చెప్పటం అంతకు ముందు ఎవరూ విని వుండరు.

ఈ సంగతి మూలాన ఒకే చేపకు రెండు దేశాల్లో రెండు మర్యాదలు. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రానికి బ్లూగిల్ రాష్ట్రపు చేప. అక్కడి పిల్లలు చిన్నదాన్ని పట్టితే పెరగనిమ్మని మళ్ళీ నీటిలో వదులుతారు. బివా సరస్సు దగ్గర 2003 నుంచి పట్టిన బ్లూగిల్‌ను మళ్ళీ నీటిలో వదలటం నిషేధం. గట్టున వాటి కోసం పెట్టెలు పెట్టారు, అందులో వెయ్యాలి. 2005 నుంచి జపాను అంతటా ఈ చేపను పెంచటం గాని, ప్రాణంతో ఒక చోటి నుంచి మరొక చోటికి తీసుకుపోవటం గాని చట్టవిరుద్ధం. యూరపులో గుమ్మడిగింజ చేపకు కూడా ఇదే గతి పట్టింది. అందంగా వున్నదని వెనకటి రోజుల్లో తొట్లలోనూ, కొలనుల్లోనూ పెంచుకునేందుకు తెచ్చుకున్నారు. 2019 లో యూరపు దేశాల సమాఖ్య దాన్ని రానివ్వకూడని ప్రాణుల పట్టీలో చేర్చింది.

దేశం దాటనక్కర్లేదు, సొంత దేశంలోనే చోటు మారినా చాలు. ఎర్రచెవి చేప దక్షిణాన పుట్టింది. దాని గొంతులో రోలు లాటి మొద్దుపళ్ళు వుంటాయి. నత్తల్ని పటపట నమిలి, గుల్లలు బయటికి ఊసేస్తుంది. దాన్ని ఉత్తరాన మిషిగన్ రాష్ట్రంలో కొన్ని సరస్సుల్లో వదిలారు. ఆ సరస్సుల్లో అదివరకే నత్తలు తిని బతుకుతున్నది గుమ్మడిగింజ చేప. ఎర్రచెవి ముందు దాని పళ్ళు ఆగలేదు. నత్తలు తగ్గాయి, ఆ వెనకనే గుమ్మడిగింజ చేపలూ తగ్గాయి. రెండూ ఎర్రమచ్చ చెవి గల చేపలే గదా అనుకునేవాడికి ఈ మార్పు కంటపడనే పడదు. అయితే అన్నిచోట్లా కథ ఒకలాగే వుండదు. ఆరిజోనా రాష్ట్రపు హవాసు సరస్సులో 2007 తరవాత క్వాగా అనే పరాయి గవ్వపురుగులు విపరీతంగా పెరిగి గొట్టాల్లోనూ, పడవలకూ అంటుకుని నానా తొందరా పెట్టాయి. అక్కడి ఎర్రచెవులు వాటిని కూడా నమిలి తింటున్నవి. 2014 లో అక్కడ ఒక ఎర్రచెవి 5 పౌండ్ల 12 ఔన్సులు తూగింది. బ్లూగిల్‌లలో ఇంతవరకు పెద్దది 4 పౌండ్ల 12 ఔన్సులది. అది 1950 లో అలబామా రాష్ట్రంలో దొరికింది.

మన చెరువుల్లో గాలానికి సన్‌ఫిష్ పడదు. కాని దాన్ని పోలిన చేప మన సంతల్లోనే వున్నది—తిలాపియా. అది ఆఫ్రికా చేప. 1952 లో మన దేశానికి తెచ్చారు. అది కూడా పలచగా, వీపు మీద ముళ్ళరెక్కతో, సన్‌ఫిష్‌కు మేనత్త కొడుకులాగా వుంటుంది. ఈసారి ఇంటికి తిలాపియా తెచ్చినప్పుడు అమ్మ కత్తిపీట తియ్యకముందే దాన్ని అడిగి తీసుకుని రెండు సంగతులు చూడండి. ముక్కురంధ్రాలు లెక్కపెట్టండి. తిలాపియాకు ఒక్కొక్క పక్క ఒక్కటే రంధ్రం వుంటుంది. సన్‌ఫిష్‌కు ఒక్కొక్క పక్క రెండేసి. తరవాత ఒంటి పక్కన తలనుంచి తోకదాకా చుక్కలు కుట్టినట్టు గీత ఒకటి వుంటుంది. సన్‌ఫిష్‌కు అది ఒకటే గీత. తిలాపియాకు సగం దూరం పోయి తెగిపోయి, కాస్త కిందుగా మళ్ళీ మొదలవుతుంది. వీపు ముళ్ళు జాగ్రత్త. తల వేపు నుంచి తోక వేపుకు చెయ్యి రాస్తే ముళ్ళు పడుకుంటాయి. ఎదురు రాస్తే వేలు చీరుతాయి. చేప బతికి వుండి, దాన్ని మళ్ళీ నీటిలో వదలదలచుకుంటే, చెయ్యి తడుపుకుని పట్టుకోవాలి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి, తరవాత దానికి జబ్బు చేస్తుంది.

ఇప్పుడు మూడు చేపలు చెబుతాను. ఏ చేప ఏదో చెప్పండి.

జార్జియా రాష్ట్రంలో ఒక అమ్మాయి పట్టిన చేపకు నోరు చిన్నది. పక్కరెక్క ముందుకు మడిస్తే కన్ను దాటింది. బుగ్గల మీద గీతలు లేవు. చెవి నలుపు, అంచున ఎరుపు. వీపు రెక్క మీద మచ్చ ఏమీ లేదు.

ఒహాయోలో ఒక కుర్రవాడు పట్టిన చేప వీపు రెక్క వెనక నల్లమచ్చ వున్నది. వాడి అన్న, "బ్లూగిల్!" అన్నాడు. కాని దవడ కన్ను కింది దాకా వచ్చింది, పక్కరెక్క పొట్టిగా, గుండ్రంగా వున్నది, చెవి అంచున లేతపసుపు వున్నది.

ఫ్లోరిడాలో ఒకాయన పెద్ద సన్‌ఫిష్ పట్టానని ఫోటో తీయించుకున్నాడు. ఫోటోలో ఒంటి పక్క గీత మధ్యలో తెగి వున్నది. ముక్కురంధ్రం ఒక పక్క ఒక్కటే కనిపిస్తున్నది.

జవాబులు: మొదటిది ఎర్రచెవి. రెండోది గ్రీన్ సన్‌ఫిష్. మూడోది సన్‌ఫిష్ కానే కాదు, తిలాపియా. ఫ్లోరిడాకు కూడా అది వలస వచ్చినదే.